పదహారు పేజీల సముద్రం

మా షాపు బోర్డు మీద నాలుగు మాటలుంటాయి: జిరాక్స్, డీటీపీ, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. నల్లగొండ గడియారం సెంటర్ దాటి సందులోకి తిరిగితే కనిపిస్తుంది. బోర్డు మీద లేని ఐదో పని ఒకటుంది. నిజం చెప్పాలంటే పిల్లల కాలేజీ ఫీజులు ఆ పని మీదే వెళ్ళాయి. హైదరాబాద్‌లో పర్యావరణ కన్సల్టెన్సీలు ఉంటాయి కదా, వాళ్ళు ఇంగ్లీషులో తయారుచేసే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులకు తెలుగు సారాంశం రాసి, టైపు చేసి పంపడం. పేజీకింత అని లెక్క. డబ్బులు మూడు నెలలకు వస్తాయి, అదీ నాలుగు ఫోన్లు చేస్తే.

ఈ వ్యవహారం తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. గని గానీ, మందుల ఫ్యాక్టరీ గానీ, సిమెంటు ఫ్యాక్టరీ గానీ ఒక స్థాయి దాటి పెట్టాలంటే 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. ఆ దారిలో ప్రజాభిప్రాయ సేకరణ ఒక మెట్టు. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇస్తుంది. ముసాయిదా రిపోర్టు కాపీలు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో పెడతారు. సభ రోజు షామియానా కింద కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చుంటారు. వీడియో తీస్తారు. వచ్చినవాళ్ళు ఎవరైనా లేచి అడగొచ్చు. ఇంతమంది రావాలన్న కోరం లేదు, పది మంది వచ్చినా సభ సభే.

అసలు రిపోర్టు ఆరేడు వందల పేజీల ఇంగ్లీషు. ఢిల్లీలో నిపుణుల కమిటీ ముందుకు పోయేది అది. ఊళ్ళో ఎవరైనా చదివితే గిదివితే, చదివేది దానికి తోకలా కుట్టిన తెలుగు సారాంశం. ఆ తోక నాది. కింద నా పేరుండదు, ఉండాలని నాకూ లేదు.

మాది మర్రిగూడ వైపు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే కష్టమని మా దగ్గర బడి మెట్లెక్కని ముసలమ్మకు కూడా తెలుసు. మోకాళ్ళు నేర్పిన లెక్క అది. అందుకేనేమో, "అనుమతించదగిన పరిమితులకు లోబడి ఉన్నది" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం నాకు చేతకాదు. పరిమితి ఎంత, ఇక్కడి నీళ్ళలో ఎంత వచ్చింది, రెండంకెలూ పక్కపక్కనే పెడతాను. కన్సల్టెన్సీవాళ్ళు చాలాసార్లు ఆ అంకెలు తీసేస్తారు. కొన్నిసార్లు చూసుకోరు. చూసుకోని రోజుల మీద నాకు కొంచెం ఆశ.

2018 డిసెంబర్‌లో, అసెంబ్లీ ఎలక్షన్లు అయిపోయి కరపత్రాల పని లేక షాపు ఖాళీగా ఉన్నప్పుడు, అలాంటి ఒక కన్సల్టెన్సీ నుంచి మా సూర్యాపేట పిల్లాడు ఫోన్ చేశాడు.

"అన్నా, సముద్రం పని ఉంది, చేస్తవా?"

"సముద్రమా? మనకు ఏడుందిరా సముద్రం?"

"మనకు లేదు. ఆంధ్రల ఉంది. తెలుగు అయితే ఒకటే గదనే."

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒక కంపెనీ చమురు, గ్యాస్ తీయడానికి పెట్టుకున్న దరఖాస్తు. సముద్రంలో బావులు, అక్కడి నుంచి అడుగున పైపులైను, ఒడ్డున ఒక టెర్మినల్. ఏ కంపెనీ, ఎక్కడ అన్నది చెప్పను. వాళ్ళతో నాకు తగువు లేదు, నేను చెప్పాలనుకుంటున్నది తెలుగు గురించి. సారాంశం ఇంగ్లీషులో 14 పేజీలు. నా చేతిలో పడితే 16 అయింది.

మొదటి పేజీలోనే ఒక వింత. ఒడ్డు మీది టెర్మినల్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ప్రధాన పంటలు వరి, పత్తి, బత్తాయి అని ఉంది. కోనసీమ గాలి తగిలే చోట బత్తాయి ఏమిటి? బత్తాయి మాది. ఫోన్ చేస్తే పిల్లాడు నవ్వాడు. "పోయిన నెల మన నల్లగొండ ఫైలు మీదనే చేసినమన్నా, మార్చుడు మరిచినం." అంతకు రెండేళ్ళ ముందు దీనికి తిరగేసి జరిగింది. మా జిల్లాలో ఒక గ్రానైట్ క్వారీ రిపోర్టులో జీడిమామిడి, కొబ్బరి తోటలు మొలిచాయి. ఇది మన దగ్గరి జబ్బే అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్గు పేలినప్పుడు బీపీ కంపెనీ అంతకుముందు ఏడాది రాసుకున్న ప్లాను బయటపడింది. చమురు ఒలికితే ముప్పున్న జంతువుల్లో వాల్రస్ పేరు కూడా ఉంది అందులో. మంచు సముద్రాల్లో ఉండే వాల్రస్. ఎక్కడో అలాస్కా ఫైలు మీద చేసి ఉంటారు, మార్చుడు మరిచి ఉంటారు.

బత్తాయి తీయించాను. అసలు కష్టం మూడో పేజీలో మొదలైంది.

"డ్రిల్లింగ్ మడ్." మడ్ అంటే బురద. బురద అని రాశాను. పిల్లాడు వెంటనే, "బురద అంటే జనం భయపడ్తరన్నా, డ్రిల్లింగ్ ద్రవం అని రాయి" అన్నాడు. ద్రవం అంటే ఏం అర్థమవుతుంది ఎవరికైనా? బడిలో ఘన, ద్రవ, వాయు పదార్థాలు గుర్తొస్తాయి, అంతే. నాకే అర్థం కాక రాత్రి కూర్చుని చదివాను. మనం పొలంలో బోరు వేయించేటప్పుడు గాలి కొట్టి రాతి పొడిని పైకి లేపుతారు చూడండి, అట్లా ఇక్కడ గాలికి బదులు ఈ మడ్డును గొట్టం గుండా కిందికి పంపుతారు. అది రాతిని తొలిచే మొనను, అంటే బిట్టును చల్లబరుస్తుంది, తవ్విన రాతి ముక్కల్ని మోసుకుని పైకొస్తుంది, అన్నిటికంటే ముఖ్యం, కింద ఒత్తిడితో ఉన్న గ్యాసు ఒక్కసారిగా తన్నుకురాకుండా తన బరువుతో అదిమి పట్టుకుంటుంది. ఆ బరువు కోసం అందులో బెరైట్ కలుపుతారు. బెరైట్ అంటే ఏమిటా అని చూస్తే మన ముగ్గురాయి! రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వేది. ఆ ఒక్క మాట దొరికినందుకు ఆ రాత్రి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. "ముగ్గురాయి పొడి, బంకమట్టి, రసాయనాలు కలిపిన చిక్కటి బురద" అని రాసి పడుకున్నాను. తెల్లారి అది "డ్రిల్లింగ్ ద్రవం"గా మారిపోయి తిరిగొచ్చింది. సరే.

అన్నీ ఇట్లాగే ఉన్నాయి. సముద్రం అడుగున బతికే పురుగూ పుట్రకు, నీటిలో కంటికి ఆనకుండా తేలే జీవాలకు, రాత్రీ పగలూ మండే గ్యాసు మంటకు, వేటకు సంబంధించిన ప్రతిదానికీ డిక్షనరీ నాకొక సంస్కృత పదం ఇస్తుంది. ఆ పదం పెడితే వాక్యం పూర్తవుతుంది గానీ చదివేవాడికి ఏమీ చేరదు. నాకు సముద్రం తెలిస్తే కదా తెలుగు తెలిసేది! నేను సముద్రాన్ని చూసింది మూడుసార్లు. మూడుసార్లూ ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా దిగి ఫోటో దిగి వచ్చాను.

దారి మా ఇంటామె చూపింది. అన్నం పెడుతూ, "వైజాగ్ కాలనీల చేపలు తినొస్తిమి గద. ఆళ్ళు సముద్రపోళ్ళే గద. పోయి అడుగరాదు?" అంది.

తెలియనివాళ్ళ కోసం: వైజాగ్ కాలనీ ఉన్నది వైజాగ్‌లో కాదు, మా జిల్లాలోనే, నేరేడుగొమ్ము మండలంలో సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున. నాగార్జునసాగర్ కట్టాక, వెనక నీళ్ళు నిలిచాక, విశాఖపట్నం వైపు నుంచి మత్స్యకారులు వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. అట్లా ఊరికి ఆ పేరు. ఇప్పుడు ఆదివారమైతే హైదరాబాద్ కార్లు వరసకడతాయి, ఒడ్డునే చేపలు వేయించి పెడతారు. నేను మంగళవారం పోయాను, కాగితాలు సంచిలో పెట్టుకుని, బైకు మీద దేవరకొండ మీదుగా.

ఆ వైపు పోతుంటే ఇంకో ప్రజాభిప్రాయ సేకరణ గుర్తు రాకుండా ఉండదు. లంబాపురం, పెద్దగట్టు యురేనియం గనుల కోసం 2003 ఆగస్టు 19న పెద్దఅడిశర్లపల్లిలో జరిగిన సభ. అప్పటికి నేను ఈ పనిలో లేను, షాపే లేదు. ఆ గని ఇప్పటికీ రాలేదు. సభ వల్లనే ఆగిందని అంటే పెద్ద మాట అవుతుంది, చాలా కారణాలుంటాయి. కానీ ఆ చుట్టుపక్కల తండాల్లో యురేనియం అనే మాట ఎవరికీ తెలుగు చేసి చెప్పనక్కర్లేకుండా పోయింది.

కాలనీలో ఒక పెద్దాయన దొరికాడు. డెబ్బై దాటి ఉంటాయి. తాటాకు పంచన కూర్చుని నైలాన్ వల బాగుచేస్తున్నాడు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి, ఎడమచేత్తో తెగిన కన్ను పట్టుకుని, కుడిచేతిలో దారం చుట్టిన వెదురు సూదితో మూడు ముళ్ళు వేసి కొరికి తెంపుతాడు. మళ్ళీ ఇంకో కన్ను. నేను చదువుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు. ఆగినప్పుడల్లా నాకు తెలిసేది, నా వాక్యంలో ఏదో తేడా ఉందని.

"పెద్దయ్యా, సముద్రం గురించి రాసిన కాయితం. మీరు ఒకసారి వింటే..."

"సదువు బాబూ, ఇంటాను."

కుర్రవయసులో తండ్రితో వచ్చాడట. వాళ్ళన్నదమ్ములు కొందరు అక్కడే ఉండిపోయారు. ఒక మేనల్లుడు కాకినాడలో బోటు మీద పోతాడు. ఇద్దరి మధ్యా ఇప్పటికీ రాకపోకలున్నాయి, పెళ్ళిళ్ళకీ, పండగలకీ. సాగర్‌లో బొచ్చె, రవ్వ పడుతూ యాభై ఏళ్ళు గడిచినా ఆయన నోట సముద్రం పోలేదు.

"నీటి లోతు సుమారు 400 మీటర్లు" అని చదివాను.

"బారల్లో సెప్పు."

"బార అంటే?"

సూది వదిలేసి రెండు చేతులూ చాచాడు. ఈ చేతి వేళ్ళ కొస నుంచి ఆ చేతి వేళ్ళ కొస దాకా. అదీ బార, దగ్గర దగ్గర ఆరడుగులు. తాడుకు గుండు కట్టి వదిలి, పైకి లాగేటప్పుడు చేతులు చాచి కొలుచుకుంటే అన్ని బారల లోతు. ఫోన్‌లో లెక్క కట్టి 219 బారలు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ మావోళ్ళ వల అడుక్కి పోదు. పైన తేలే వలే" అన్నాడు. ఆ ఒక్క మాటతో, పేజీ నిండా రాసిన సముద్రగర్భ జీవుల సంగతి ఆయనకు పక్కకు పోయి, పైన తేలే వల ముందుకొచ్చింది. నేను ఊహించని తీరు.

తర్వాత "మత్స్యకారుల జీవనోపాధిపై ప్రభావం స్వల్పం, తాత్కాలికం" అన్న వాక్యం. ఇటువంటివి నేను కొన్ని వందలసార్లు టైపు చేసి ఉంటాను. క్వారీకైనా ఇదే, ఫ్యాక్టరీకైనా ఇదే. చేతులు ఆగాయి.

"తాత్కాలికం అంటే ఎన్నాళ్ళు?"

ఇంగ్లీషు కాగితంలో వెతికాను. ఒక్కో బావి తవ్వడానికి రెండు నుంచి మూడు నెలలని ఉంది.

"ఏ నెలలు?"

లేదు. ఏ నెలలో లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం బోట్లను ఒడ్డునే కట్టేయిస్తుంది. ఆ రోజుల్లో తవ్వితే ఆయన మేనల్లుడికి వేట నష్టం ఉండదు, నిషేధం పోయి బోట్లు కడలికి పోయే రోజుల్లో తవ్వితే సీజన్ పోతుంది. చేపల వైపు నుంచి చూస్తే అదే లెక్క తిరగబడుతుందేమో, గుడ్లు పెట్టే వేళ ఆ చప్పుడు. రెండు నెలలు అన్న మాట ఒకటే, క్యాలెండర్‌లో ఎక్కడ పెడతామన్న దాన్ని బట్టి అంతా మారుతుంది. పేజీకింత అని లెక్కపెట్టుకుంటూ ఇన్నేళ్ళు "తాత్కాలికం" టైపు చేశాను గానీ "ఏ నెలలు" అని నాకెప్పుడూ తట్టలేదు.

మడ్డు దగ్గర ఇంకోసారి ఆగాడు. సముద్రంలో వాడే మడ్డు రసాయనాలకు 2005లో కేంద్రం ఒక నిబంధన పెట్టింది. 96 గంటల్లో సగం ప్రాణులు చచ్చే మోతాదు లీటరుకు 30,000 మిల్లీగ్రాముల కంటే ఎక్కువగా ఉండాలి. అంటే అంత పోస్తే గానీ సగం చావకూడదు, అప్పుడే దాన్ని తక్కువ విషం కింద లెక్క. పరీక్ష చేసేది మైసిడ్ అనే రొయ్యలాంటి చిన్న ప్రాణి మీద, లేదా ఆ తీరంలో దొరికే సున్నితమైన జీవి మీద. కన్సల్టెన్సీ కాగితంలో ఇదంతా "తక్కువ విషతత్వం గల" అన్న మూడు మాటలైంది. నేను విడమరిచి చెప్పాను.

"ఏ రొయ్య మీద సూశారు? మన రొయ్యేనా?"

అదీ రాయలేదు.

ఆయన కంపెనీకి వ్యతిరేకి అనుకునేరు. కాదు. "ఆయిల్ తియ్యొద్దని నేనెందుకంటాను? మా మేనల్లుడి బోటుకి డీజిల్ ఎక్కడినించొస్తాది?" అన్నాడు, కొంచెం విసుగ్గానే. యురేనియం సభకు మాత్రం తానూ పోయానని చెప్పాడు. అక్కడ ఏం మాట్లాడారో అడిగితే, "మైకు దూరం. ఇనపళ్ళేదు" అన్నాడు.

ఆఖరి వాక్యం నాకు పాఠంలా గుర్తుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ఇట్లా వచ్చింది: "భద్రతా కారణాల దృష్ట్యా సంస్థాపనల చుట్టూ 500 మీటర్ల వలయంలో మత్స్యకార కార్యకలాపాలు నియంత్రించబడతాయి." సముద్రంలో కట్టిన ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల వరకు ఇట్లా గీత గీసుకోవచ్చని అంతర్జాతీయ సముద్ర చట్టంలోనే ఉంది, అందులో దాపరికం ఏమీ లేదు. పెద్దాయన విన్నాడు. చేతులు ఆగలేదు. ముడి వేసి దారం కొరికాడు. అంటే ఆ వాక్యం ఆయన దాకా పోలేదు.

"అంటే ఏం లేదు పెద్దయ్యా, బావి చుట్టూ 500 మీటర్ల లోపలికి పడవ రాకూడదు."

సూది ఆగింది.

"బోటు సరే బాబూ. వల మాటేటి?"

నాకు మొదట అర్థం కాలేదు. పడవ రాకూడదంటే వల కూడా రాకూడదనే కదా అనుకున్నాను. నేను చూసిన వలలన్నీ మా సాగర్ వలలు, కట్టిన చోట ఉండేవి. ఆయన చెప్పాక తెలిసింది. ఏం చెప్పాడో ఇప్పుడు రాయను, ముందుకు పోతే వస్తుంది.

ఇంటికొచ్చి ఆ వాక్యం మార్చాను. "బావి చుట్టూ 500 మీటర్ల లోపలికి పడవ రాకూడదు, వల రాకూడదు." పంపేటప్పుడు గుండె కొంచెం కొట్టుకుంది, అబద్ధమెందుకు. ఇంగ్లీషులో వల అన్న మాట లేదు. కానీ వేట కార్యకలాపం అంటే పడవా, వలా కాక ఇంకేముంటుంది? తప్పు చేయలేదనే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. "ఏ నెలలు" అన్నది, "ఏ రొయ్య" అన్నది మాత్రం కలపలేకపోయాను. కాగితంలో లేని ప్రశ్నను కాగితంలో పెట్టే హక్కు టైపు కొట్టేవాడికి లేదు. వల వాక్యాన్ని వాళ్ళు చూసుకోలేదు. ఉండిపోయింది.

సభ ఆ తర్వాతి ఏడాది వేసవికి ముందు జరిగింది. నేను పోలేదు. ఆ ఊరివాణ్ణి కాను, పైగా ఆ కాగితం రాసింది నేనని ఎవరైనా పట్టుకుంటారేమోనని భయం. పెద్దాయన మేనల్లుడు పోయాడు. సాయంత్రం ఫోన్‌లో, మైకు తనకు దొరికిందని, అడిగానని, కంపెనీ ఆయన "మత్స్యశాఖ ద్వారా ముందుగా సమాచారం ఇస్తాం" అన్నాడని చెప్పాడు.

ఆ తర్వాత నాకు సముద్రం పని రాలేదు. కారణం నేను చేసిన మార్పు కాదు లెండి, అంత సీన్ లేదు. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌ను సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణను, నేల మీదైనా సముద్రంలోనైనా, "ఏ" వర్గం నుంచి "బీ2"లోకి దించింది. బీ2 అంటే ఈఐఏ రిపోర్టు అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. దొరికిన చమురును వెలికితీసే ప్రాజెక్టులు "ఏ"లోనే ఉన్నాయి. వెతికే తవ్వకానికి మాత్రం ఇక సారాంశం లేదు, సారాంశం లేకపోతే తెలుగు లేదు. వెతకడమే కదా, దానికి అంత తతంగం ఎందుకన్న వాదన ఉంది, పూర్తిగా కొట్టేయను. కానీ డీప్‌వాటర్ హొరైజన్ తవ్వుతున్నది కూడా వెతికే బావే. 2009లో దానికి వివరమైన పర్యావరణ సమీక్ష అక్కర్లేదని అక్కడి ప్రభుత్వ విభాగం మినహాయింపు ఇచ్చింది. 2010 ఏప్రిల్ 20న పేలింది. 11 మంది చనిపోయారు, బావి మూయడానికి 87 రోజులు పట్టింది. మనవైపు 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అది నేల మీద. అప్పుడు పేపర్లో వచ్చిన మంట ఫోటో నాకింకా గుర్తే. కింద ఒత్తిడి ఎంతుందో తెలియని చోట తవ్వడాన్నే అన్వేషణ అంటారు. అడగాల్సింది అక్కడ ఎక్కువుంటుందా, తక్కువుంటుందా?

అదే 2020 మార్చిలో ఈఐఏ నోటిఫికేషన్ మొత్తాన్నీ మార్చే ముసాయిదా వచ్చింది. ప్రజలు స్పందించడానికి ఇచ్చే 30 రోజులను 20కి తగ్గించాలని అందులో ఉంది. దేశమంతా అభిప్రాయం చెప్పమన్నారు, ముసాయిదా మాత్రం ఇంగ్లీషులో, హిందీలోనే. కరోనా రోజులు, షాపు మూసి ఇంట్లో కూర్చున్నాను. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని చెప్పినప్పుడు, ఆ వార్తను మా ఇంటామెకు రెండుసార్లు చదివి వినిపించాను. "నీకేమన్న పని ఇస్తరా?" అని అడిగింది. ఇయ్యరన్నాను. కేంద్రం ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2024 జనవరి 7న కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ బావి నుంచి మొదటి చమురు వచ్చిందని టీవీలో చెప్పారు. నేను తెలుగు చేసింది అది కాదు. కానీ తెర మీద నీలం నీళ్ళూ, ఆ పెద్ద ఓడా చూస్తుంటే మన కాగితం ఏమైందా అనిపించింది. వెబ్‌సైట్‌లో వెతికి ఆ సభ మినిట్స్ తీశాను. రూలు ప్రకారం సభలో అడిగినవన్నీ రాయాలి, చివర్లో తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం చేయాలి. ఇవన్నీ జరిగాయి. ఇంగ్లీషు పట్టికలో ఎడమ గడిలో ప్రశ్న, కుడి గడిలో కంపెనీ జవాబు. వరస సంఖ్య 11 దగ్గర మన మేనల్లుడు ఉన్నాడు. ఎడమ గడిలో: భద్రతా వలయం గురించి మత్స్యకారులు అడిగారు. కుడి గడిలో: వివరించడమైనది.

అంతే. వల లేదు.

పెద్దాయనకు ఫోన్ చేశాను. చెవి సరిగా వినపడదు ఇప్పుడు, మనవరాలు ఎత్తి స్పీకర్‌లో పెట్టింది. "వల మాట రాశారా?" అని అడిగాడు. లేదన్నాను. "మా వోడి సెల్లులో ఉండాలి, ఆడి పక్కనోడు తీశాడు" అన్నాడు. రెండు రోజులకు కాకినాడ నుంచి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. వణుకుతున్న ఫోన్, షామియానా గుంజ అడ్డం, వెనక ఎవరో పిల్లవాడి ఏడుపు. నీలం చొక్కా వేసుకున్న మనిషి చేతిలో నా కాగితం మడతపెట్టి ఉంది, తొమ్మిదో పేజీ పైకి తిప్పి. ఒక నిమిషానికి కొంచెం తక్కువ. అనువాదానికి పెట్టుకున్న ఫోల్డర్‌లోనే కొత్త ఫైలు తెరిచి, మూడుసార్లు ఆపి ఆపి విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను:

"అయ్యా, నమస్కారమండి. ఈ కాయితంలో 500 మీటర్ల లోపలికి పడవ రాకూడదు, వల రాకూడదు అని రాశారండి. పడవకి ఇంజనుందండి, ఆపుకుంటాం, తిప్పుకుంటాం. వలకి ఇంజనుండదండి. రాత్రేళ వలేసి, చివర దీపం కట్టి కూర్చుంటామండి. తెల్లారేసరికి నీరెటు లాగితే అటు పోద్దండి అది, ఒకోసారి మైళ్ళు పోద్ది. మరి మా వల మీ గీత దాటకుండా ఉండాలంటే మేం ఎంత దూరంలో వెయ్యాలండి? ఆ దూరం మీ 500 మీటర్లలో ఉందా అండి, బయటుందా?"